ఏటిపాల పూత

పూసి రాలిపోయిన పొదని పట్టుకుని గొడ్డుచెట్టు అన్నవాళ్ళ మీద నా కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. వయసు మీద పడితే కోపాలు చల్లారతాయంటారు. ఎవరికి చల్లారాయో నాకు తెలీదు. ఆ పొద పేరు ఏటిపాల. దాని కొమ్మల్ని తడిగోనెలో చుట్టి ఆ ఇంటికి మోసుకెళ్ళింది నేను. నాటింది మా అక్క. మాటలు పడిందీ మా అక్కే.

డెబ్భైల మొదట్లో అక్కకి పెళ్ళయింది. నాన్న రైల్వేలో గుమాస్తా, మేం గుణదలలో అద్దెకుండేవాళ్ళం. అక్కని చల్లపల్లికి ఇవతల, కాలవ గట్టున ఉన్న ఓ ఊళ్ళో ఇచ్చారు. బావ మాగాణి రైతు, తండ్రి లేడు, తల్లికి ఒక్కడే కొడుకు. డిగ్రీ చదివి కూడా ఊళ్ళోనే ఉండిపోయాడు. గొంతు పెంచి మాట్లాడడు, చుట్ట కాల్చడు, పేకాడడు. అక్కకి వారపత్రికలు తెచ్చిపెట్టేవాడు. మా చుట్టాల్లో ఎవరి నోట విన్నా బావ మంచివాడు, మంచివాడు. ఆ మాట ఎవరైనా ఎత్తితే నేనిప్పుడు అక్కణ్ణుంచి లేచిపోతాను.

పెళ్ళయి మూడు నాలుగేళ్ళయినా పిల్లలు పుట్టలేదు. అక్క అత్తగారు చెయ్యి చేసుకునే మనిషి కాదు, కడుపు మాడ్చే మనిషీ కాదు. పొద్దున్నే లేచి తనే పేడనీళ్ళు చల్లుకునేది. అయితే ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. వంటింటి దూలానికి విత్తనాల బుట్ట వేలాడుతూ ఉండేది. బీర, ఆనప, గుమ్మడి, చిక్కుడు, ఏ గింజ అయినా పిల్లల్ని కన్న ఆడదే తీసి పాదులో పెట్టాలి. పిల్లలు లేని ఆడది ముట్టుకుంటే తీగ పాకుతుంది గాని పిందె నిలవదట. తొలకరికి ముందు ఒకరోజు అక్క బుట్ట దించబోతే అత్తగారు చేతిలోంచి తీసేసుకుంది. కేకలెయ్యలేదు. మామూలుగానే, గింజల జోలికి రాకు, కావాలంటే కొమ్మలు గుచ్చుకో, కొమ్మకైతే పరవాలేదు అందట. ఆ మాట అక్క నాకు నవ్వుతూ చెప్పింది. నవ్వెలా వచ్చిందో మరి.

సరే, అక్క కొమ్మలే గుచ్చింది. మందార, నందివర్ధనం, గన్నేరు, మల్లె. ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా వచ్చేటప్పుడు తడిగుడ్డలో ఒక కొమ్మ ఉండేది. ఎవరో నరికి పారేసిన మునగకొమ్మని తెచ్చి పెరటి మూల పాతితే అది విరగకాసింది. ఆ మునక్కాడలు ఇంటిల్లిపాదీ పులుసులో వేసుకుని లొట్టలేసుకుంటూ తిన్నారు. అప్పుడు మాత్రం అది ఎవరి చేత్తో పెట్టిందో ఎవరికీ గుర్తు రాలేదు.

నేనప్పుడు బెజవాడలో బి.ఎస్సీ. చదువుతున్నాను, బోటనీ. ఎండాకాలం సెలవలకి ముందు మమ్మల్ని మన్యంలో కొండవాగుల దగ్గరికి టూరు తీసుకెళ్ళారు. వాగు మీదికి వంగి ఒక చెట్టుంది. సన్నగా పొడుగాటి ఆకులు, పైన పచ్చ, కింద తెలుపు. గాలి వీస్తే చెట్టంతా ఒక్కసారి తెల్లబడి మళ్ళీ పచ్చబడేది. ఈ కుటుంబం మొక్కలన్నీ చలిదేశాలవని, ఈ ఒక్కటే మన వేడికి దిగొచ్చిందని, పాదం తడిగా ఉంటే ఎక్కడైనా బతుకుతుందని మా లెక్చరరు చెప్పింది. విరిచి గుచ్చితే చాలు, వేరు తొడుగుతుందట. అది చెవిన పడగానే నాకు అక్క గుర్తొచ్చింది. గింజ అక్కర్లేని మొక్క! చేతికందిన ఆ ఒక్క చెట్టుకే వేలి లావు కొమ్మలు ఒక మోపు కోసుకున్నాను. పూత రోజులు అప్పటికే అయిపోయాయి, చెట్టు మీద ఉత్త ఆకులే ఉన్నాయి.

రైల్లో నా కాళ్ళ దగ్గర గోనెకట్ట పెట్టుకుని, స్టేషను వచ్చినప్పుడల్లా దిగి పంపు నీళ్ళు పట్టి తడిపాను. తోటి పిల్లలు నన్ను ఏడిపించారు, శ్రీమంతానికి పసుపుకొమ్ములు మోసుకెళ్తున్నట్టుందని. మర్నాడే ఉయ్యూరు మీదుగా బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్ళాను.

పెరటి వెనక మురుగుకాలవ ఉంది. ఏటా వానాకాలం ఆ ఒడ్డు విరిగి పెరట్లోంచి కాస్త కాస్త తినేస్తుండేది. అక్కా నేనూ అక్కడే కూర్చుని కొమ్మల్ని మూరెడేసి ముక్కలు కోశాం. కణుపు కింద ఏటవాలుగా కోత, ఆకులన్నీ దూసెయ్యడం, మొగ్గ పైకి చూసేట్టు పట్టుకుని మూడొంతుల ముక్క బురదలోకి దిగ్గొట్టడం. తలకిందులుగా గుచ్చితే బతకదు. మిగిలిన ముక్కల్ని బాల్చీలో వేశాం. వారం తిరక్కుండానే బెరడులోంచి తెల్లటి దారాల్లా వేళ్ళొచ్చాయని అక్క కార్డు రాసింది. మొదటి వానలకి ఒడ్డంతా చిగురే. వదిలేస్తే అది పెద్ద చెట్టవుతుంది. మాకు కావలసింది ఒడ్డుని పట్టుకునే పొద. అందుకని మోకాలెత్తున నరికెయ్యమని రాశాను. అక్క నరికింది. నరికిన చోట గుత్తులు గుత్తులుగా కొమ్మలు లేచాయి. లోపల వేళ్ళు ఒకదానితో ఒకటి అల్లుకున్నాయి. ఆ ఏడు మురుగుకాలవ నిండుగా పారినా ఒడ్డు జానెడు కూడా విరగలేదు.

అత్తగారే దారిన పోయేవాళ్ళని పిలిచి చూపించింది. మా కోడలు పెట్టింది అని చెప్పుకుంది. కాలవ ఒడ్డున ఇళ్ళున్న ఆడవాళ్ళంతా కొమ్మల కోసం వచ్చారు. అక్క కోసి, ఎలా గుచ్చాలో చెప్పి, ఒకరిద్దరికి తనే వెళ్ళి గుచ్చి వచ్చింది. సెలవలకి నేను వెళ్ళినప్పుడు బస్సు దిగానో లేదో, "నా చెయ్యి మంచిదంటున్నారే ఊళ్ళో" అంది. అంత పెద్ద మనిషి, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడింది. చెయ్యి మంచిదన్న ఒక్క మాట కోసం మా అక్క ఎంత మొహం వాచిపోయి ఉందో నాకప్పుడే తెలిసింది.

రెండో ఏడు చలి మొదలవుతూనే ఆకంతా రాలింది. తర్వాత లేత చిగుళ్ళతో పాటు పూత వచ్చింది. ఉడత తోకల్లా పసుప్పచ్చటి కంకులు, కొమ్మ కొమ్మకీ. వాసనకి ఊళ్ళో తేనెటీగలన్నీ అక్కడే. అత్తగారు కూడా పొద్దున లేచి పొద దగ్గర నిలబడి చూసేది. కాయ ఎలా ఉంటుందో, తినేదో కాదో అని ఊరంతా ఎదురుచూసింది. ఎదురుచూడమని ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు, అక్క చెప్పలేదు. పూసిందంటే కాసి తీరాలి, ఆడది వచ్చిందంటే కని తీరాలి. వాళ్ళకి వేరే లెక్క తెలీదు.

కంకులన్నీ రాలిపోయాయి. పెరడంతా పసుప్పచ్చగా పరుచుకుంది. అత్తగారు చీపురు పుచ్చుకుని వాటిని పోగుచేస్తూ, ఎవరి చెయ్యి పడిందో దాని పోలికే వచ్చింది అంది. గోడవతల వాళ్ళకి వినబడేట్టే అంది. సాయంత్రానికి ఊళ్ళో గుప్పుమంది. గొడ్రాలు పెట్టిన గొడ్డుచెట్టు. కొమ్మలు పట్టుకెళ్ళిన ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే వాటిని పీకించేశారు. నీ చెయ్యి మంచిదమ్మా అని ఇంటికొచ్చి దేబిరించిన ఆడవాళ్ళే! ఒకావిడైతే పీకిన పొదని వేళ్ళతో సహా తెచ్చి మా అక్క వాకిట్లో పడేసి పోయింది. తగలెయ్య, ఒడ్డు విరిగి వాళ్ళ పాక కాలవలో పడ్డా బాగుండేది అనుకున్నాను. ఇప్పుడూ అనుకుంటున్నాను.

క్రిస్మస్ సెలవలకి నేను వెళ్ళేసరికి అక్క మొహం పీక్కుపోయి ఉంది. పెరట్లోకి వెళ్ళాను. కొమ్మ చివర్న ఇంకా రాలని కంకులు రెండో మూడో ఉన్నాయి. కాలేజీ భూతద్దం నా సంచీలో ఎప్పుడూ ఉండేది. చూస్తే అన్నీ కేసరాలే, పుప్పొడే. అండాశయం అన్నది లేనే లేదు. ఈ మొక్కలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఆడచెట్టుకి సన్నటి కాయలొచ్చి, పగిలి, దూదితో గింజలు ఎగురుతాయి. మగచెట్టు పుప్పొడి దులిపేసి పూత రాల్చేస్తుంది. దాని పని అంతే. నేను ఒకే చెట్టుకి కోసుకొచ్చాను, కొమ్మతో పెట్టింది తల్లిచెట్టుకి అచ్చు. అంటే ఆ ఒడ్డున ఉన్నవన్నీ, ఊరంతా పీకి పారేసినవన్నీ, మగవే.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. తాటిచెట్ల మధ్య పుట్టి పెరిగిన మనుషులు వీళ్ళు. తాళ్ళలో పోతుతాడు ఏదో ముంజెలు కాసేది ఏదో ఆ ఊళ్ళో చంటిపిల్లాడికి కూడా తెలుసు. బొప్పాయిలో మగది పడితే మొహమైనా చూడకుండా కొట్టేస్తారు. ఎవరు పెట్టారని అడగరు. తాడికీ బొప్పాయికీ ఉన్న ఇంగితం ఈ పొద దగ్గరికొచ్చేసరికి ఏ గంగలో కలిసింది? అవి మా అక్క పెట్టినవి కావు, అంతే.

అత్తగారు వసారాలో బియ్యం చెరుగుతోంది. బావ పక్కనే కుర్చీలో పేపరు చదువుతున్నాడు. నేను కంకిని తీసుకెళ్ళి ఆవిడ చేటలో పెట్టాను.

"అత్తయ్యగారూ, ఇది మగచెట్టు. మన పోతుతాడు లేదూ, అలాంటిది. పోతుతాడు ముంజెలు కాయలేదని మీరెప్పుడైనా ఎవరినైనా అన్నారా?"

ఆవిడ చేట ఆపింది. కంకిని తీసి వేళ్ళతో నలిపి చూసింది. అర్థమైంది ఆవిడకి, ఒక్క క్షణంలో అర్థమైంది. తెలివితక్కువ మనిషి అయితే నాకింత కోపం ఉండేది కాదు.

"పోతుతాడు తప్పేముందమ్మాయ్? పక్కన కాసే చెట్టు ఒకటుంటే సరిపోతుంది" అంది.

అని మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. నాకు ముందు అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడ్డ అక్క తల దించుకుంది. ఏమిటే అని దగ్గరికెళ్ళి అడిగితే మెల్లిగా చెప్పింది. గన్నవరం వైపు మెట్ట ఊళ్ళో ఉన్న తమ్ముడి కూతుర్ని కొడుక్కి చేసుకోవాలని ఆవిడ అప్పటికే మాట కదిపేసింది. అక్క ఉండగానే. అక్కని వెళ్ళగొట్టరట, పెద్దకోడలిగా గౌరవంగా చూస్తారట. గౌరవమట!

నాకు నోరు ఆగలేదు. ఆగవలసిన అవసరం ఏముంది? అక్కకి ఏ లోపమూ లేదని గవర్నరుపేటలో లేడీ డాక్టరు ఎప్పుడో చెప్పింది, మా అమ్మే తీసుకెళ్ళి చూపించింది. భర్తని కూడా తీసుకురమ్మని ఆవిడ చెబితే, ఆడ డాక్టరు ఆడదాన్నే వెనకేసుకొస్తుందని అత్తగారు కొట్టిపారేసింది. ఆ సంగతంతా ఎత్తి, ముందు మీ అబ్బాయికి పరీక్ష చేయించండి, ఆ తర్వాత కాసే చెట్టుని వెతుక్కుందురుగాని అన్నాను. బావ పేపరు మడిచాడు. నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో జాగ్రత్తగా పెట్టి, చెప్పులేసుకుని చేలోకి వెళ్ళిపోయాడు. ఆ మడతలు చూస్తే చెంప పగలగొట్టాలనిపించింది.

మధ్యాహ్నం అక్క కొడవలి తీసుకుని పొదలు నరకడానికి వెళ్ళింది. పూత అయిపోయాక నరికితేనే మళ్ళీ గుబురుగా లేస్తాయి. నేను వెనకే వెళ్ళి వాయించేశాను. నీ మొగుణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, రానంటే పుట్టింటికొచ్చెయ్, ఇద్దరం ఉద్యోగం చేసుకుని బతుకుదాం, ఇంకా ఏవేవో. అక్క నరుకుతూనే ఉంది. నేను అలిసిపోయి ఆగాక చెప్పింది.

ఆయన వెళ్ళారే అంది. పోయిన ఏడే ఇద్దరూ వెళ్ళారట, ఎరువుల కోసమని ఇంట్లో చెప్పి గుంటూరు. అక్కడి డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడట. లోపం బావలోనే ఉంది, మందులకి లొంగేది కాదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో బావ అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చాడట. అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు, ఎవరికీ చెప్పకు అన్నాడట. అక్క మాటిచ్చింది.

ఏడాదిగా తెలిసి! ఏడాదిగా తల్లి గొడ్రాలంటుంటే పక్కన కూర్చుని పేపరు చదువుకున్నాడు. పెళ్ళాం పెట్టిన మొక్కల్ని ఊరంతా పీకేస్తుంటే చూస్తూ ఊరుకున్నాడు. రెండో పెళ్ళి మాటలు జరుగుతుంటే, ఆ పిల్లకి కూడా పుట్టరని తెలిసి తెలిసి, కిమ్మనకుండా ఉన్నాడు. వాడు మంచివాడు! ఎవరి గొంతైనా కోసేవాణ్ణి క్షమించొచ్చు, కత్తి ఇంకోళ్ళ చేతిలో ఉందిగా అని మెడ అటు తిప్పుకుని కూర్చునేవాణ్ణి నేను క్షమించను. అదే అన్నాను. అక్క మీదా అరిచాను. నీ మాటా వద్దు, నీ నిజాయితీ వద్దు, ఇప్పుడే వెళ్ళి ఆ ముసలావిడ మొహాన చెప్పు అన్నాను.

"ఆయన చెబుతారే. అంతదాకా రానిస్తారా? ఆయన నోటితో రానీ" అంది అక్క.

ఆ నమ్మకం చూసి నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపే.

బెజవాడ వచ్చి ఇంట్లో చెప్పాను, రెండో పెళ్ళి సంగతి మాత్రమే. మిగతాది చెప్పొద్దని అక్క ఒట్టు పెట్టించుకుంది. నాన్న కోర్టన్నాడు, రెండో పెళ్ళి చట్టం ఒప్పుకోదన్నాడు. అమ్మ ఆయన నోరు మూయించింది. అమ్మ అప్పటికే గుణదల కొండెక్కి మరియమ్మకి కొవ్వొత్తులు మొక్కుకుంది, ఇటు కనకదుర్గకి చీర మొక్కుకుంది. ఏ తల్లీ వినలేదు. ఇంక ఇంట్లో స్థానం నిలుపుకుంటే చాలు, వచ్చే పిల్ల చిన్నది, దీని చెప్పుచేతల్లో ఉంటుంది, సర్దుకుపోవాలి అంది. సర్దుకుపోవడం! ఆ మాట కనిపెట్టినవాళ్ళని తీసుకొచ్చి ఆ వసారాలో కూర్చోబెట్టాలి.

చట్టం భయం పిల్ల తండ్రికీ ఉంది. రేపు పెద్దభార్య కేసు పెడితే తనూ ఇరుక్కుంటాడు. అందుకని ఆయన ఒక షరతు పెట్టాడు. వాళ్ళవైపు ఇలాంటి పెళ్ళిళ్ళకి ఒక ఆనవాయితీ ఉందట. మొదటి భార్యే స్వయంగా వచ్చి, పిల్లకి బొట్టు పెట్టి, పూలు పెట్టి, నలుగురి ముందూ తన నోటితో, మీ అమ్మాయిని నాకు చెల్లెలుగా ఇవ్వండి అని అడగాలి. అడిగితేనే ఇస్తాడు, లేకపోతే లేదు. అంటే మా అక్క మెడకి వేసే ఉరితాడుని మా అక్కే పేని తీసుకెళ్ళాలి. ఎంత మర్యాదగా ఆలోచించారో చూడండి.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం అందరూ వెళ్ళారు. అక్కకి తోడుగా నన్ను పంపించింది అమ్మ, నోరు మూసుకుని ఉండమని మరీ మరీ చెప్పి. బస్సులో బావ ఎదుట సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా అక్క కళ్ళు ఆయన వీపు మీదే ఉన్నాయి. గన్నవరంలో దిగి రిక్షాలు మాట్లాడుకునేటప్పుడు ఆయన పక్కకి వెళ్ళి ఏదో అంది. ఆయన రిక్షావాడితో బేరం ఆడుతున్నట్టు అటు తిరిగాడు.

వాళ్ళిల్లు సుబ్బరంగా, కళకళలాడుతూ ఉంది. పిల్ల తండ్రీ బావా వరండాలో కూర్చున్నారు. ఆడవాళ్ళం లోపల, తలుపు బార్లా తీసే ఉంది, ఇక్కడి మాట అక్కడ వినబడుతుంది. పిల్లని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టారు. ఓణీ వేసుకుంది. జడ ఇంకా ఎవరో వేస్తేనే గాని వేసుకోలేని ఈడు. భయపడిపోయి మా అక్క మొహంలోకి చూడట్లేదు. తల్లి వెనకనుంచి భుజం నొక్కితే వంగి అక్క కాళ్ళకి దండం పెట్టింది. అత్తగారు కుంకుమభరిణ తీసి అక్క చేతికిచ్చింది.

అక్క భరిణ మూత తీసింది. తీసి వరండా వైపు చూసింది. బావ చేతిలో కాఫీగ్లాసు ఉంది. ఆయన ఆ గ్లాసులోకే చూస్తున్నాడు. అక్క అలాగే చూస్తూ నిలబడింది. అత్తగారు కానియ్యమ్మా అంది. ఇంకోసారి అంది. ఆయన తల ఎత్తలేదు. అక్క చూపు తిప్పుకుని పిల్లని చూసింది. దాని మెడ మీద చెమట పట్టి ఉంది. వేళ్ళు ఓణీ చెంగుని మెలిపెడుతున్నాయి.

అక్క మూత పెట్టేసింది. పిల్ల తల్లి వైపు తిరిగింది.

"అత్తయ్యగారూ, మీ పిల్లని మా ఇంట్లో ఇవ్వకండి. పిల్లలు పుట్టకపోవడం నా వల్ల కాదు. గుంటూరు డాక్టరు మా ఇద్దరి ముందే చెప్పాడు. దీనికీ పుట్టరు. రేపు దీన్ని కూడా గొడ్రాలంటారు. నేను పడ్డాను, చాలు."

గొంతు పెంచలేదు. ఏడవలేదు. కూరలో ఉప్పు సరిపోలేదని చెప్పినట్టు చెప్పింది. పిల్ల తల్లి కూతుర్ని పీట మీంచి లేపి తన వెనక్కి లాక్కుంది. వరండాలోంచి పిల్ల తండ్రి లేచి నిలబడ్డ చప్పుడయింది.

"ఏరా, కోడలు చెప్పేది నిజమేనా?" అన్నాడు ఆయన.

బావ గ్లాసు కింద పెట్టాడు. నిజమే మామయ్యా అన్నాడు. అప్పటికైనా అన్నాడు. అబద్ధం ఆడలేదు కదా అని తర్వాత మా చుట్టాల్లో కొందరు దాన్నీ మెచ్చుకున్నారు. పిల్ల తండ్రి మాత్రం మెచ్చుకోలేదు. నా కూతురు గొంతు కొయ్యడానికొచ్చావా అని ఆయన ఆ వరండాలో వేసిన కేకలు నాకు మంగళవాద్యాల్లా వినబడ్డాయి. భోజనాలకి కూర్చోమని ఎవరూ అనలేదు. వండిన వంటలు ఏం చేసుకున్నారో తెలీదు.

తిరుగు బస్సులో అక్కా నేనూ ముందు సీట్లో, తల్లీ కొడుకులు మా వెనక. ఇప్పుడు ముసలావిడ ఏమంటుందో, అంటే ఏం సమాధానం చెప్పాలో నేను మనసులో కూడబలుక్కుంటున్నాను. ఇన్నేళ్ళ మాటలకి ఒక్క మాట, తప్పయిపోయిందమ్మా అన్న ఒక్క మాట వస్తుందేమో అని కూడా ఒక పిచ్చి ఆశ ఉంది నాకు. వెనక సీట్లోంచి ఆవిడ ముక్కు చీదిన చప్పుడైంది. తర్వాత గొంతు వినిపించింది. ఆ గొంతులో అంత మెత్తదనం ఉందని నాకు అప్పటిదాకా తెలీదు.

"ఇన్నాళ్ళూ నీలో నువ్వే ఎంత కుమిలిపోయావురా నాయనా."

అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను వెనక్కి తిరగబోతే నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

అక్క ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఎందుకున్నావని అడిగాను, అడిగి పోట్లాడాను, చాలాకాలం మాట్లాడ్డం మానేశాను కూడా. ఇల్లు నాది, మొక్కలు నావి, ఎక్కడికి పొమ్మంటావే అంది.

ఆ ఎండాకాలంలో వెళ్ళినప్పుడు నేను నూతి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను. అక్క అరుగు మీద కూర్చుని మల్లెమొగ్గలు మాల కడుతోంది. కొమ్మలు పట్టుకెళ్ళి పీకించేసిన పొరుగావిడే గోడ మీంచి తొంగిచూసి, అబ్బాయికి ఆ సంబంధం మానుకున్నారటగా, మరి పిల్లల మాటేమిటి అని అత్తగారిని కదిపింది. అత్తగారు తడిచీర దులిపి తీగ మీద ఆరేసింది. పెద్దగా నిట్టూర్చి, ఏం చేస్తామమ్మా, దేవుడు మా ఇంటికి రాసిపెట్టలేదు, మానవమాత్రులం మనమేం చెయ్యగలం అంది. పొరుగావిడ అయ్యో పాపం అంది.

లోపం మా అక్కదనుకున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో దేవుడి ఊసే లేదు. కొడుకుదని తేలిన మర్నాటి నుంచీ అంతా దేవుడే చేశాడు.